కంప్యూటర్ మనది, పెత్తనం ఎవరిది?

విండోస్‌-10కు సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్‌-11కు మారాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్‌ ఉండాలి. ఇంటెల్‌ యంత్రమైతే స్థూలంగా ఎనిమిదో తరం లేదా ఆ తరవాతి ప్రాసెసర్‌ కావాలి. దాంతో టైపింగ్‌కు, బిల్లింగ్‌కు, ఇంటర్నెట్‌కు ఏ లోటూ లేని కంప్యూటర్లు పాతసామాను జాబితాలోకి చేరాయి. ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల కంప్యూటర్లు ఇలా చెత్తకుప్పల పాలు కావచ్చని కెనాలిస్‌ పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా వేసింది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి, 2020 జనవరిలో విండోస్‌-7కు మద్దతు ఆగినప్పుడు వినిపించిన ప్రశ్నే ఇప్పుడు మళ్ళీ ముందుకొచ్చింది: ఉచితంగా దొరికే లైనక్స్‌కు ఎందుకు మారకూడదు? జవాబు కూడా పాతదే: మనకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ అందులో నడవదు.

ఈ జవాబులో నిజం లేకపోలేదు. ట్యాలీ, ఫొటోషాప్‌, ఆటోక్యాడ్‌, పూర్తిస్థాయి ఎంఎస్‌ ఆఫీస్‌... ఇవేవీ లైనక్స్‌ కోసం తయారు కాలేదు. కానీ అందుకు సాంకేతిక కారణాలకంటే ఆర్థిక, విధాన కారణాలే బలమైనవి. ఏ ఆపరేటింగ్‌ వ్యవస్థకు ఎన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయన్నది ఒక లెక్క. ఆ యంత్రం మీద ఏది నడవాలో, ఎన్నాళ్లు నడవాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నది మరో లెక్క. మొదటిదాన్ని చూసి కొంటున్నాం, రెండోదాని మూల్యం పదేళ్లకోసారి చెల్లిస్తున్నాం. సొంత డబ్బుతో కొనుక్కునే వ్యక్తికి ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కావచ్చు. ప్రజాధనంతో లక్షల యంత్రాలు కొనే ప్రభుత్వాలు మాత్రం ఈ రెండు లెక్కలనూ విడివిడిగా వేయక తప్పదు.

అడ్డుగోడ ఎలా లేచింది?

ఒక వ్యవస్థకే సాఫ్ట్‌వేర్లన్నీ ఎందుకు పోగుపడతాయో అమెరికా న్యాయస్థానం పాతికేళ్ల క్రితమే విడమరిచి చెప్పింది. మైక్రోసాఫ్ట్‌పై 1998 మేలో దాఖలైన గుత్తాధిపత్య కేసులో జడ్జి థామస్‌ పెన్‌ఫీల్డ్‌ జాక్సన్‌ 1999 నవంబరు 5న తన నిర్ధారణలు వెలువరించారు. వాటికి మూలస్తంభం ‘అప్లికేషన్ల అడ్డుగోడ’ అనే వాదన. కొనేవారు సాఫ్ట్‌వేర్‌ ఎక్కువున్న వ్యవస్థనే ఎంచుకుంటారు. తయారుచేసేవారు కొనుగోలుదారులు ఎక్కువున్న వ్యవస్థకే రాస్తారు. ఇవి రెండూ ఒకదాన్నొకటి బలపరచుకుంటూ పోతే, కొత్తగా వచ్చినవాడు ఎంత మంచి సరుకు తెచ్చినా గోడ దాటలేడు. అప్పటికి విండోస్‌కు 70 వేలకు పైగా అప్లికేషన్లున్నాయి. మ్యాక్‌కు 12 వేలకు పైగా ఉన్నా విండోస్‌కు దీటైన పోటీ కాలేకపోయింది. పది శాతం మార్కెట్‌ దాకా వెళ్లిన ఐబీఎం ఓఎస్‌/2 వార్ప్‌కు ఉచ్చదశలోనూ దాదాపు 2,500 అప్లికేషన్లే దక్కాయి. చివరికి ఐబీఎం అంతటి సంస్థే ఆ పోరు నుంచి తప్పుకొంది.

నెట్‌స్కేప్‌ బ్రౌజర్‌ను మైక్రోసాఫ్ట్‌ అంతగా ఎందుకు వెంటాడిందో కూడా ఈ వాదనతోనే అర్థమవుతుంది. అప్లికేషన్లు బ్రౌజర్‌లో నడవడం మొదలైతే అడుగున ఏ వ్యవస్థ ఉందన్నది ఎవరికీ పట్టదు. నాడు మైక్రోసాఫ్ట్‌ భయపడిన పరిణామం నేడు చాలావరకు జరిగిపోయింది. బ్యాంకు లావాదేవీలు, రైలు టికెట్లు, డిజిలాకర్‌, ఆన్‌లైన్‌ దరఖాస్తులు ఏ వ్యవస్థపైనైనా బ్రౌజర్‌ ద్వారా నడుస్తున్నాయి. సగటు వినియోగదారుడి అవసరాల్లో పెద్ద భాగానికి అడ్డుగోడ కూలింది. మిగిలినచోట్ల మాత్రం అది ఇంకా ఎత్తుగానే ఉంది. ఆ గోడ ఎంత బలమైనదో చివరికి మైక్రోసాఫ్ట్‌కే అనుభవంలోకి వచ్చింది. నోకియా ఫోన్ల విభాగాన్ని 700 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొన్నా, విండోస్‌ ఫోన్‌కు యాప్‌లు రాసేవారు కరవై 2017 నాటికి ఆ రంగం నుంచే వైదొలగింది. డెస్క్‌టాప్‌పై తనను కాపాడిన సూత్రమే ఫోన్లలో దాన్ని ఓడించింది.

తెరిచి ఉండటానికి నాలుగు కొలతలు

‘ఓపెన్‌’ అన్న మాటను అందరూ వాడుతున్నారు కానీ ఒకే అర్థంలో కాదు. విధాన చర్చకు కనీసం నాలుగు కొలతలు వేరుచేసుకోవాలి. మొదటిది, సోర్స్‌ కోడ్‌ను చదివి మార్చుకునే హక్కు. రెండోది, ఇతరులు తమ సాఫ్ట్‌వేర్‌ను అనుసంధానించేందుకు కావలసిన ప్రోటోకాళ్లు, ఇంటర్‌ఫేస్‌ల వివరాలు బహిరంగంగా ఉండటం. మూడోది, తయారీదారు అనుమతి లేకుండా నచ్చిన సాఫ్ట్‌వేర్‌ను వేసుకునే స్వేచ్ఛ. నాలుగోది, మన ఫైళ్లతో సహా మరో వ్యవస్థకు వెళ్లిపోగలిగే వీలు. ఏ వ్యవస్థా నాలుగింట్లోనూ పూర్తి మార్కులు తెచ్చుకోదు, నాలుగింట్లోనూ సున్నా తెచ్చుకునేదీ అరుదే.

విండోస్‌ను చూద్దాం. సోర్స్‌ కోడ్‌ మూసే ఉంది. కానీ మూడో కొలతలో దానిది పైచెయ్యి. ఎవరైనా ప్రోగ్రాం రాసి ఎవరికైనా ఇవ్వవచ్చు, స్టోర్‌ అనుమతి అక్కర్లేదు. ఇరవై ఏళ్లనాటి ప్రోగ్రాములను కూడా సాధ్యమైనంతవరకు నడిపించడం మైక్రోసాఫ్ట్‌ దీర్ఘకాలంగా పాటిస్తున్న క్రమశిక్షణ. విండోస్‌ సాఫ్ట్‌వేర్‌ సంపదకు అసలు పునాది అదే. లైనక్స్‌ను ఒకప్పుడు శత్రువుగా చూసిన ఈ సంస్థ, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో పగ్గాలు చేపట్టాక డాట్‌నెట్‌ను ఓపెన్‌సోర్స్‌ చేసింది, విండోస్‌లోనే లైనక్స్‌ నడిపే ఏర్పాటు తెచ్చింది, 2018లో గిట్‌హబ్‌ను కొనేసింది. అయితే ఇవన్నీ ప్రోగ్రామర్లకు తెరిచిన తలుపులు. సాధారణ వినియోగదారుడికి మాత్రం విండోస్‌-11 హోమ్‌ను మొదలుపెట్టాలంటేనే మైక్రోసాఫ్ట్‌ ఖాతా తప్పనిసరి అన్న దిశలో తలుపులు మూసుకుంటున్నాయి.

మ్యాక్‌ది మరో తరహా. దాని పునాది అయిన డార్విన్‌ కోడ్‌ను యాపిల్‌ బహిరంగంగానే ఉంచుతుంది. పైనున్న భవనమంతా దాని సొంతం. బయటి నుంచి సాఫ్ట్‌వేర్‌ వేసుకోవచ్చు కానీ, ఏటా 99 డాలర్లు కట్టి నమోదైన డెవలపర్‌ యాపిల్‌ పరిశీలనకు పంపి ముద్ర వేయించుకోకపోతే వినియోగదారుడికి హెచ్చరికలు ఎదురవుతాయి. పాతవాటిని వదిలించుకోవడానికి యాపిల్‌ వెనకాడదు. 2019లో వచ్చిన కాటలీనా సంచికతో 32-బిట్‌ ప్రోగ్రాములన్నిటికీ స్వస్తి పలికింది. 2020లో సొంత చిప్‌లకు మారింది. పాత ఇంటెల్‌ ప్రోగ్రాములను నడిపే రోసెట్టాను కూడా దశలవారీగా ఉపసంహరిస్తానని ప్రకటించింది. అక్కడ సాఫ్ట్‌వేర్‌ నాణ్యత బాగుంటుంది, ఆయుష్షు మాత్రం యాపిల్‌ నిర్ణయిస్తుంది.

లైనక్స్‌ మొదటి, రెండో, నాలుగో కొలతల్లో ముందుంది. 1991లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌ (వ్యవస్థకు మూలభాగం) మరుసటి ఏడాది జీపీఎల్‌ లైసెన్సు కిందకు వచ్చింది. వాడుకోవడం, చదవడం, పంచడం, మార్చి పంచడం అనే నాలుగు స్వేచ్ఛలకు ఆ లైసెన్సు హామీ. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్‌-13 అనే లైనక్స్‌ సంచికలో 69,830 ప్యాకేజీలు ఉన్నాయి. 1999 నాటి విండోస్‌ అప్లికేషన్ల లెక్కకు ఇంచుమించు సమానమైన సంఖ్య ఇది. అయినా లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ లేదన్న మాట ఎందుకు నిలిచింది? ప్రోగ్రామింగ్‌ పరికరాలు, సర్వర్లు, శాస్త్ర గణనల్లో అది మకుటంలేని మహారాజు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్‌కంప్యూటర్లన్నీ లైనక్స్‌ మీదే నడుస్తున్నాయి. కొరత ఉన్నది అకౌంటింగ్‌, పుస్తక ముద్రణ, ఇంజినీరింగ్‌ డ్రాయింగుల్లాంటి వృత్తి సాఫ్ట్‌వేర్‌లో. ఉపాధి ముడిపడి ఉన్నచోట ప్యాకేజీల సంఖ్య ఎంతున్నా వృథా. తనకు కావలసిన ఆ ఒక్కటి ఉందా లేదా అన్నదే అకౌంటెంటుకు ముఖ్యం.

ఈ కొరతలో లైనక్స్‌ లోకం స్వయంకృతం కూడా ఉంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌ అంటూ డిస్ట్రిబ్యూషన్లు చీలిపోయి, ఒకదానికి కట్టిన ప్యాకేజీ మరోదానిలో నడుస్తుందన్న భరోసా చాలాకాలం లేకపోయింది. ఒక చిన్న సంస్థ తన బిల్లింగ్‌ ప్రోగ్రామును అన్నిటికీ విడివిడిగా తయారుచేసి నిలబడలేదు. ఫ్లాట్‌ప్యాక్‌, స్నాప్‌, యాప్‌ఇమేజ్‌ వంటి ఉమ్మడి పద్ధతులు ఈ లోటును కొంత తీర్చాయి. 1993లో మొదలైన వైన్‌ ప్రాజెక్టు, దాని ఆధారంగా వాల్వ్‌ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్‌ మరో దారి చూపాయి: గోడ దూకడం కాదు, విండోస్‌ ప్రోగ్రామునే లైనక్స్‌పై నడిపించడం. 2022లో వచ్చిన స్టీమ్‌డెక్‌ ఆటల యంత్రం వేలాది విండోస్‌ గేములను ఇలాగే ఆడిస్తోంది. కెర్నెల్‌ స్థాయిలో మోసాన్ని పసిగట్టే వ్యవస్థలు వాడే కొన్ని పోటీ గేములు మాత్రం ఇప్పటికీ లొంగలేదు.

ఫోన్ల దగ్గరకు వస్తే ‘ఓపెన్‌’ అన్న మాట మరింత పలచబడింది. ఆండ్రాయిడ్‌కు మూలం లైనక్స్‌ కెర్నెలే. దాని మూల కోడ్‌ బహిరంగమే. కానీ పటాలు, నోటిఫికేషన్లు, చెల్లింపులు ఆధారపడే గూగుల్‌ ప్లే సర్వీసెస్‌ మూసిన పెట్టె. ప్లే స్టోర్‌కు బయట పంచే యాప్‌ల తయారీదారులూ తమ గుర్తింపును నిరూపించుకోవాలని గూగుల్‌ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్‌, ఇండొనేసియా, సింగపూర్‌, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి ఇతర దేశాలకు విస్తరిస్తామంది. మోసపు యాప్‌ల బెడదకు ఇది మందన్నది గూగుల్‌ వాదన. సోర్స్‌ కోడ్‌ తెరిచి ఉన్నంత మాత్రాన మూడో కొలతలోని స్వేచ్ఛ దానంతటదే నిలవదన్నది ఇందులోని పాఠం.

మూసి ఉంచితేనే భద్రమా?

నియంత్రణ ఉన్నచోటే భద్రత ఉంటుందన్న వాదనను కొట్టిపారేయలేం. లోన్‌ యాప్‌ల వేధింపులు, నకిలీ బ్యాంకు యాప్‌ల మోసాలు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలను కుదిపేశాయో తెలిసిందే. పరిశీలన ఉన్న స్టోర్‌ కొంత వడపోస్తుంది. అయితే ఆ వేధింపుల యాప్‌లలో చాలా వాటిని స్టోర్ల నుంచే తొలగించాల్సి వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి. ఓపెన్‌సోర్స్‌ అంటే వేయికళ్ల పహరా అన్న నమ్మకానికీ 2024 మార్చిలో గట్టి దెబ్బ తగిలింది. ఎక్స్‌జెడ్‌ అనే చిన్న కంప్రెషన్‌ పరికరంలో, రెండేళ్లకు పైగా నమ్మకస్తుడిలా మెలిగిన ఓ అజ్ఞాత డెవలపర్‌ దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అరసెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరాతీసిన ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నారు. కోడ్‌ తెరిచి ఉండబట్టే ఆయనకు అది దొరికింది. ఆ పరికరాన్ని నిర్వహించే భారమంతా జీతంలేని ఒక్క మనిషిపై పడబట్టే చొరబాటుదారుకు సందు దొరికింది. రెండూ నిజాలే.

అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్‌ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌ సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ 85 లక్షల విండోస్‌ యంత్రాలను కుప్పకూల్చింది. హైదరాబాద్‌ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్‌ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. భద్రతా సంస్థలకు కెర్నెల్‌ స్థాయి ప్రవేశం ఇవ్వాలని 2009లో ఐరోపా సంఘంతో కుదిరిన ఒప్పందమే తన చేతులు కట్టేసిందని మైక్రోసాఫ్ట్‌ వాదించింది. యాపిల్‌ మాత్రం అలాంటి ప్రవేశాన్ని ఎప్పుడో కుదించింది. అంటే రెండో కొలతలోని స్వేచ్ఛకూ ప్రమాదం తోడుంటుంది. కానీ ఆ రోజు ఆగినచోట్లన్నీ ఒకే వ్యవస్థ మీద, ఒకే భద్రతా సాఫ్ట్‌వేర్‌ మీద ఆధారపడినవే. ఒకే రకం పైరు వేసిన ఊరికి ఒకే తెగులు చాలు.

మ్యూనిక్‌ తడబడింది, ఫ్రాన్స్‌ నిలబడింది

ప్రభుత్వాల అనుభవాల్లో ఎక్కువగా ఉదహరించేది జర్మనీలోని మ్యూనిక్‌. 2003లో ఆ నగర పాలక మండలి లైనక్స్‌ వైపు మొగ్గినప్పుడు మైక్రోసాఫ్ట్‌ అధిపతి స్టీవ్‌ బామర్‌ స్వయంగా వెళ్లి మేయర్‌ను కలిశారు. పదేళ్లలో దాదాపు 15 వేల కంప్యూటర్లు లిమక్స్‌ అనే నగరపు సొంత లైనక్స్‌కు మారాయి. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని కొత్త నాయకత్వం తీర్మానించింది. లైనక్స్‌ పనికిరాదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపుతుంటారు. కానీ నగరం చేయించుకున్న అధ్యయనమే ఇబ్బందుల్లో చాలావరకు చెల్లాచెదురైన ఐటీ విభాగాల నిర్వహణకు సంబంధించినవని చెప్పింది. కొన్ని ప్రత్యేక అప్లికేషన్ల కోసం విండోస్‌ యంత్రాలను ఉంచుకోక తప్పలేదు. ఇతర ప్రభుత్వ శాఖలతో ఇచ్చిపుచ్చుకునే పత్రాలు మైక్రోసాఫ్ట్‌ రూపంలోనే నడిచాయి. పునాదిని ముందు మార్చి, దానిపై నడిచేవాటిని తరవాత చూద్దామనుకోవడం మ్యూనిక్‌ను దెబ్బతీసింది.

ఫ్రాన్స్‌ పోలీసు దళాల్లో ఒకటైన జాందార్మెరీ దీనికి తలకిందుల క్రమంలో నడిచింది. విండోస్‌ను అలాగే ఉంచి 2005లో ఎంఎస్‌ ఆఫీస్‌ స్థానంలో ఓపెన్‌ఆఫీస్‌ తెచ్చింది. తరవాత ఫైర్‌ఫాక్స్‌, థండర్‌బర్డ్‌లను అలవాటు చేసింది. సొంత అప్లికేషన్లను బ్రౌజర్‌లో నడిచేలా మార్చుకుంది. 2008లో ఉబుంటుకు మళ్లేనాటికి సిబ్బందికి తెరమీద మారింది స్వల్పమే, అప్పటికే రోజూ వాడే పరికరాలన్నీ అక్కడ కూడా ఉన్నాయి. నేడు ఆ దళంలోని దాదాపు లక్ష కంప్యూటర్లు ఆ వ్యవస్థపైనే ఉన్నాయి. జర్మనీలోని ష్లెస్విగ్‌-హోల్‌స్టైన్‌ రాష్ట్రం 2024 ఏప్రిల్‌ నుంచి ఇదే బాట పట్టింది. 30 వేల కంప్యూటర్లలో ముందు లిబ్రెఆఫీస్‌, ఆ తరవాత ఈమెయిల్‌, చివరికి లైనక్స్‌ అన్నది దాని క్రమం. 2025 అక్టోబరుకు 40 వేలకు పైగా మెయిల్‌బాక్సులను మార్చేసింది. డెన్మార్క్‌ డిజిటల్‌ మంత్రిత్వశాఖ, ఫ్రాన్స్‌లోని లియాన్‌ నగరం కూడా 2025లో ఈ దిశగా అడుగేశాయి.

చైనాది ప్రభుత్వ బలంతో నడిచిన దారి. 2019లో అమెరికా ఆంక్షలతో గూగుల్‌ సేవలు కోల్పోయిన హువావే ఫోన్లు విదేశాల్లో దెబ్బతిన్నాయి. ఆండ్రాయిడ్‌ యాప్‌లతో తెగతెంపులు చేసుకున్న ఆ సంస్థ సొంత వ్యవస్థ హార్మొనీఓఎస్‌ నెక్స్ట్‌ 2024లో వచ్చాక, వీచాట్‌, అలీపే వంటివి దానికోసం కొత్తగా యాప్‌లు రాశాయి. రక్షిత స్వదేశీ మార్కెట్‌ ఉంటే అడ్డుగోడను దాటవచ్చని అది చూపింది. కానీ విదేశీ సంస్థ స్థానంలో స్వదేశీ సంస్థ తాళంచెవి పట్టుకుంది, అంతే. ఐరోపా సంఘం మూడోదారి ఎంచుకుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న డిజిటల్‌ మార్కెట్ల చట్టం వల్ల ఐఫోన్లలో ఇతర యాప్‌ స్టోర్లకు చోటు దక్కింది. బయటి కొనుగోలు మార్గాలను వినియోగదారులకు చూపనివ్వనందుకు యాపిల్‌పై 2025 ఏప్రిల్‌లో 50 కోట్ల యూరోల జరిమానా పడింది. విండోస్‌-10కు ఏడాది అదనపు భద్రతను, సెట్టింగులను క్లౌడ్‌లో దాచాలన్న షరతు లేకుండా ఉచితంగా పొందింది కూడా ఐరోపా వినియోగదారులే. మనకు ఆ షరతు, లేదా రుసుము, లేదా రివార్డు పాయింట్లు. సాఫ్ట్‌వేర్‌ ఒకటే అయినా చట్టం ఉన్నచోట హక్కు వేరుగా ఉంది.

కాగితం మీద ముందు, కొనుగోళ్లలో వెనక

విధాన పత్రాల విషయంలో భారత్‌ ఎవరికీ తీసిపోదు. ఈ-పాలనలో ఓపెన్‌ ప్రమాణాల విధానం 2010లో, కేంద్రప్రభుత్వ ఓపెన్‌సోర్స్‌ విధానం 2015లో వచ్చాయి. మైక్రోసాఫ్ట్‌ పత్రరూపమైన ఓఓఎక్స్‌ఎంఎల్‌కు అంతర్జాతీయ ప్రమాణ హోదా ఇవ్వడాన్ని మన దేశం 2008లో వ్యతిరేకించింది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌ 2007లో బాస్‌ లైనక్స్‌ తెచ్చింది. రక్షణశాఖ 2023లో ఉబుంటు ఆధారిత మాయా వ్యవస్థను ప్రకటించింది. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద కేసుల సమాచార వ్యవస్థ ఓపెన్‌సోర్స్‌ మీదే నిర్మితమైంది. తెలుగు రాష్ట్రాల జిల్లా కోర్టులు దానిపైనే నడుస్తున్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లోని రెండు లక్షల కంప్యూటర్లు ఉబుంటు ఆధారిత వ్యవస్థను వాడుతున్నాయని, అందువల్ల లైసెన్సుల రూపంలో రూ.3,000 కోట్ల మేర ఆదా అయిందని ఆ రాష్ట్ర సంస్థ కైట్‌ 2019లో లెక్కచెప్పింది. ఆ అంకెపై వాదించవచ్చు. కానీ ఉపాధ్యాయులకు శిక్షణ, మలయాళ పాఠ్యాంశాలు, పరీక్షలు అన్నీ ఒకే వ్యవస్థ చుట్టూ అల్లడంవల్లే కేరళ నిలబడిందన్నది వాదనకు అందని సంగతి.

మిగతాచోట్ల విధానానికీ కొనుగోళ్లకూ పొంతన లేదు. పలు ప్రభుత్వ పోర్టళ్లు ఒకప్పుడు ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌ తప్ప మరో బ్రౌజర్‌ను ఒప్పుకొనేవి కావు. జీఎస్టీ రిటర్నుల ఆఫ్‌లైన్‌ పరికరం ఇప్పటికీ విండోస్‌, ఎక్సెల్‌ ఉన్నాయన్న భరోసాతో తయారైనదే. పన్ను కట్టడం పౌరుడి బాధ్యత అయినప్పుడు, అందుకోసం ఫలానా కంపెనీ సరుకు కొనాల్సిన పరిస్థితి రావడం న్యాయం కాదు. అడ్డుగోడకు మైక్రోసాఫ్ట్‌ పేర్చిన ఇటుకలు కొన్నయితే, ప్రభుత్వాలు పేర్చినవి మరికొన్ని.

విదేశీ సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడితే ఏమవుతుందో 2025 జులైలో గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం ఉన్న నయారా ఎనర్జీకి తెలిసొచ్చింది. ఐరోపా సంఘం ఆంక్షల నేపథ్యంలో మైక్రోసాఫ్ట్‌ ఆ సంస్థ ఈమెయిల్‌, టీమ్స్‌ సేవలను నిలిపివేసింది. దిల్లీ హైకోర్టును ఆశ్రయించాక గానీ అవి తిరిగిరాలేదు. మన చట్టాల కింద పనిచేస్తూ డబ్బు చెల్లించిన సంస్థకే ఈ గతి పట్టింది. ఆ తరవాత స్వదేశీ నినాదం ఊపందుకుంది. దాదాపు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల ఈమెయిల్‌ ఖాతాలు జోహో వేదికపైకి చేరాయి. డేటా దేశంలోనే ఉండటం, మన చట్టాల పరిధిలో ఉండటం మంచిదే. కానీ స్వదేశీ, ఓపెన్‌ అన్నవి ఒకటి కావు. జోహో ఆఫీస్‌ కూడా మూసిన కోడే. నాలుగో కొలత, అంటే ఫైళ్లు బయటకు తెచ్చుకునే వీలు ఒప్పందంలోనే రాసుకోకపోతే యజమాని మారతాడు, బందిఖానా మారదు.

నియంత్రణలోనూ ఇదే అసంపూర్తి కథ. ఆండ్రాయిడ్‌ ఆధిపత్య దుర్వినియోగంపై కాంపిటీషన్‌ కమిషన్‌ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్‌ ట్రైబ్యునల్‌ జరిమానాను సమర్థించింది కానీ, స్టోర్‌ బయటి యాప్‌లపై ఆంక్షలు వద్దన్న దానితో సహా నాలుగు ఆదేశాలను పక్కనపెట్టింది. 2024 మార్చిలో వెలువడిన డిజిటల్‌ కాంపిటీషన్‌ ముసాయిదా బిల్లు చట్టరూపం దాల్చకుండానే నానుతూ వచ్చింది. జరిమానా ఖజానాకు చేరుతుంది. పోటీ పుట్టాలంటే ఆదేశాలు నిలవాలి.

తెలుగుకు తగిలిన తాళం

ఈ చర్చ తెలుగుకు పరాయిదేమీ కాదు. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగు ఉంది. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా మన డీటీపీ కేంద్రాల్లో, చిన్న ముద్రణాలయాల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌ జంట దశాబ్దాలుగా చెలామణీ అవుతోంది. పేజ్‌మేకర్‌ చివరి సంచిక వచ్చింది 2001లో. అయినా దాన్ని వదల్లేకపోవడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. ఆ ఫాంట్లలో కొట్టిన అక్షరాలు కంప్యూటర్‌ దృష్టిలో తెలుగు కావు, ఆంగ్ల సంకేతాల స్థానంలో కూర్చోబెట్టిన బొమ్మలు. అదే ఫాంటు, అదే విండోస్‌ లేకుంటే పుస్తకం మొత్తం అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. వెతకడానికి వీలుండదు, మరోచోటుకు తరలించాలంటే కన్వర్టర్‌ పెట్టి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. తెలుగు ప్రచురణ రంగం కూడబెట్టిన పాఠ్య సంపదలో ఎంతో భాగం ఇలా తాళం పడి ఉంది. యంత్ర అనువాదానికి, కృత్రిమ మేధకు తెలుగు పాఠం చాలదని వాపోతున్న కాలంలో ఇది చిన్న నష్టం కాదు.

తాళం తీసే చేతులూ ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు లిబ్రెఆఫీస్‌, ఫైర్‌ఫాక్స్‌ వంటివాటిని తెనిగించారు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర, పెద్దన, సురవరం తదితర ఫాంట్లు ఓపెన్‌ లైసెన్సుతో ఎవరైనా వాడుకునేలా అందుబాటులో ఉన్నాయి. ఆండ్రాయిడ్‌ ఫోన్లలో, క్రోమ్‌, ఫైర్‌ఫాక్స్‌ బ్రౌజర్లలో, లిబ్రెఆఫీస్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయంటే, వాటన్నిటిలోనూ ఉన్న హార్ఫ్‌బజ్‌ అనే ఓపెన్‌సోర్స్‌ పరికరమే కారణం. అదే పరికరాన్ని తీసుకోబట్టి స్క్రైబస్‌ వంటి ఉచిత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌ కూడా తెలుగును చూపగలుగుతోంది. ఒకచోట బాగుచేస్తే అన్నిచోట్లా బాగుపడటం ఓపెన్‌సోర్స్‌ ఇచ్చే అసలు లాభం. కోట్లమంది మాట్లాడినా కొనుగోలు శక్తి తక్కువన్న లెక్కతో పెద్ద సంస్థలు వెనక్కి నెట్టే భాషలకు అది మరీ అవసరం.

రాష్ట్రాలు చేయగలిగినవి

రేపటినుంచి కార్యాలయాలన్నిటా విండోస్‌ తీసేయాలని ఎవరైనా సలహా ఇస్తే అది మ్యూనిక్‌ బాట. తెలుగు రాష్ట్రాలు అనుసరించాల్సింది ఫ్రాన్స్‌ పోలీసుల క్రమం. మొదట, ప్రజలు వాడాల్సిన ప్రతి ప్రభుత్వ సేవ కూడా బ్రౌజర్‌లో, ఏ వ్యవస్థపైనైనా పనిచేయాలన్న నిబంధన టెండర్లలోకి రావాలి. రెండోది, జీవోలు, గెజిట్లు, పాఠ్యపుస్తకాలు యూనికోడ్‌ తెలుగులో, ఓపెన్‌ పత్రరూపాల్లో ఉండాలి. పాత ఫాంట్లలోని ప్రభుత్వ పాఠాన్నంతా గడువు పెట్టి మార్చాలి. మూడోది, ఏ సంస్థతో ఒప్పందం చేసుకున్నా డేటాను, పాఠాలను మరోచోటికి తరలించుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఎనిమిదో తరగతి విద్యార్థులకిచ్చిన ట్యాబ్‌లలో పాఠాలు అందించిన బైజూస్‌ రెండేళ్లు తిరక్కుండానే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ ఉన్నా లేకున్నా పాఠం మనదగ్గర ఉండాలన్న ముందుచూపు ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నాలుగోది, విండోస్‌-11కు నోచుకోని ప్రభుత్వ కంప్యూటర్లను వేలానికి పంపేముందు లైనక్స్‌ వేసి పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇవ్వాలి. బడిలో పిల్లలకు నేర్పాల్సింది ఫలానా కంపెనీ బటన్లు ఎక్కడున్నాయన్నది కాదు, పట్టిక ఎలా కట్టాలి, ప్రోగ్రాం ఎలా ఆలోచిస్తుంది అన్నది. ఐదోది, అతిముఖ్యమైనది: లైసెన్సుల్లో మిగిలే సొమ్మును ఖజానాలో కలిపేయకుండా అందులో కొంతైనా తెలుగు ఫాంట్లు, అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌, పేజీ కూర్పు పరికరాలను నిర్వహించేవారికి జీతాలుగా ఇవ్వాలి. ఎక్స్‌జెడ్‌ ఉదంతం చెప్పింది ఇదే. ఓపెన్‌సోర్స్‌ అంటే లైసెన్సు ఉచితమే కానీ నిర్వహణ ఉచితం కాదు. ఆ ఖర్చుకు సిద్ధపడని ప్రభుత్వం లైనక్స్‌కు మారినా మూణ్నాళ్లకే వెనక్కి వస్తుంది.

ట్యాలీ కావలసిన అకౌంటెంటు ఈరోజు విండోస్‌ వాడటంలో తప్పులేదు. ఆయనకు మరో దారి లేకుండా చేస్తున్న ఫైలు రూపాలను, టెండర్లను, పోర్టళ్లను సరిదిద్దకపోవడం మాత్రం పాలకుల తప్పే. 2025 అక్టోబరులో కోట్ల కంప్యూటర్ల భవితవ్యాన్ని వాటి యజమానులు కాక అమ్మినవారు నిర్ణయించారు. వచ్చే పదేళ్ల కొనుగోళ్లలో ఈ నాలుగు కొలతలను షరతులుగా పెట్టిన రాష్ట్రానికే తన యంత్రాల మీద తనకు పెత్తనం ఉంటుంది.